తగిలిందా స్వామీ?

మా అక్క మొగుడు మిలిటరీ నుంచి రిటైరై వచ్చిన రోజు మా ఊళ్ళో సగం మంది మగాళ్ళు ఆయన ట్రంకుపెట్టె చుట్టూ చేరారు. యోగక్షేమాలు అడగడానికి కాదు. మిలిటరీ వాళ్ళ పెట్టెల్లో క్యాంటీన్ రమ్ము ఉంటుందని మా వైపు గట్టి నమ్మకం. బావ పెట్టె తెరిచాడు. భీమేశ్వరస్వామి పటం, ప్రెషర్ కుక్కరు, అక్కకి శాలువా, గాలి తీసిన మూడు వాలీబాల్సు బయటికొచ్చాయి. ఒక పెద్దాయన మాత్రం ఆశ చావక పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి తడిమాడు. ఆయన చేతికి ఒక విజిల్ దొరికింది.

బావ ఆ మూడు బంతులూ నా ఒళ్ళో పడేసి, "ఏరా బామ్మర్దీ, నీకు గాలి కొట్టడం వచ్చంట కదా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు లెండి, నాది పంక్చర్ షాపు. ద్రాక్షారామం వెళ్ళే రోడ్డు మీద, కాలవ వంతెనకి ఇవతల. గాలి కొట్టడం నా వృత్తి, గాలి కబుర్లు చెప్పడం నా ప్రవృత్తి. చదువంటారా, ఎనిమిదో తరగతి సగంలో ఆగింది. కాలవ అవతలి ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఎండలో నిలబెట్టి పరేడ్ చేయిస్తుంటే చిటికెన వేలు ఎత్తి, "ఒకటికండీ" అని బయటికొచ్చాను. మళ్ళీ వెళ్ళలేదు. నేను ఇంకా పర్మిషన్లోనే ఉన్నానని ఆ మాస్టారు నాకు హాజరు వేస్తూ ఉంటారని ఊళ్ళో చెప్పి నవ్విస్తూ ఉండేవాణ్ణి.

బావ పందొమ్మిదేళ్ళు సర్వీసు చేశాడు. ఇసకలో కొన్నాళ్ళు, మంచులో కొన్నాళ్ళు. ఆ సంగతులు అడిగితే, "అక్కడ చలిరా" అనేవాడు, లేకపోతే, "అక్కడ ఎండరా" అనేవాడు. అంతే. యుద్ధం గురించి చెప్పమంటే తమ యూనిట్ వాలీబాల్ టీము ఫైనల్లో ఎలా ఓడిపోయిందో గంటసేపు చెప్పేవాడు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ళు పోసుకుని, సోమవారం అయితే సైకిలేసుకుని ద్రాక్షారామం వెళ్ళేవాడు. గుళ్ళో ప్రదక్షిణలు కూడా లెఫ్ట్ రైటే. స్వామి ఎదురుగా ముందు అటెన్షన్లో నిలబడి, ఆ తరవాత గుర్తొచ్చినట్టు చేతులు జోడించేవాడు. "బావా, సెల్యూట్ కూడా కొట్టెయ్యకపోయారా?" అంటే, "ఒకసారి కొట్టాన్రా, పంతులుగారు బెదిరిపోయారు" అన్నాడు. ఇప్పటికీ అది నిజమో వేళాకోళమో నాకు తెలీదు. ఆయన మొహం చూసి ఏదీ కనిపెట్టలేం.

ఇంట్లో మాత్రం ఆయనంత మెత్తని మనిషి లేడు. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళ చిన్నతనమంతా సెలవల్లోనే చూశానని బెంగ ఉండేదేమో, వచ్చీ రాగానే జడలు వెయ్యడం నేర్చుకున్నాడు. ఆ జడలు టెంటుకి కట్టిన తాళ్ళలా సాయంత్రం దాకా అటెన్షన్లో ఉండేవి. పెద్దది ఏడిచేది, "నాన్నా, కనుబొమలు పైకి పోయినియ్యి." చిన్నది మాత్రం అదే జడతో ఆయన వెనకాలే గ్రౌండుకి పరిగెత్తేది.

గ్రౌండంటే కోత అయిపోయిన చేను. నవంబరు చివర వరి కోసేస్తే ఆ మోళ్ళన్నీ చదును చేసి, నీళ్ళు చల్లి, రెండు సర్వీ బాదులు పాతి నెట్టు కట్టేవాడు. సాయంత్రం అయిదయితే విజిల్. ఆ విజిల్ విని ఊళ్ళో గేదెలు కూడా ఇంటి దారి పట్టేవి.

బావకి జీవితంలో ఒకటే కోరిక మిగిలిపోయింది. ఏటా డిసెంబరులో చుట్టుపక్కల ఊళ్ళ టీములకి మా చేలోనే టోర్నమెంటు. ఏటా ఫైనల్లో కాలవ అవతలి ఊరు మమ్మల్ని ఓడించేది. వాళ్ళ టీముకి పెద్ద ఎవరనుకున్నారు? ఆ డ్రిల్లు మాస్టారే. ఆయనా రిటైరయ్యారు, బావకన్నా పదేళ్ళు పెద్ద, కానీ సర్వీసు చేస్తే బంతి పాములా వచ్చేది. ఆ ఊరిని ఒక్కసారి, తను ఆడుతూ ఉండగా, ఓడించాలి. అదీ బావ కోరిక. ఇంతలో మోకాలు అరిగిపోయింది. డాక్టరు గెంతొద్దన్నాడు. అక్క అంతకంటే గట్టిగా అంది. చివరికి ఒప్పందం కుదిరింది. ఈ ఒక్క ఏడాది ఆడతాడు, ఆ తరవాత విజిలే.

"చివరి ఏడాది గెలవాలంటే ముందు మీ నోళ్ళు కట్టాల్రా" అన్నాడు బావ. మా టీములో ఇద్దరు సాయంత్రం అయితే సీసా పట్టేవాళ్ళు. నేను సీసాతో పాటు గుట్కా కూడా. మిలిటరీ పద్ధతిలో తిట్టాడు, పరిగెత్తించాడు, లాభం లేకపోయింది. అప్పుడు ఆయనకి ఒక ఉపాయం తట్టింది.

అయ్యప్ప మాల.

బావ అప్పటికే ఎనిమిదిసార్లు శబరిమల వెళ్ళొచ్చిన గురుస్వామి. మా ముగ్గురినీ తెల్లవారకుండా లేపి, కాలవలో ముంచి, తనతో పాటు మా మెళ్ళో కూడా మాల వేసేశాడు. ఇక నలభై ఒక్క రోజులు మందు లేదు, గుట్కా లేదు, మాంసం లేదు. రెండు పూటలా చన్నీళ్ళు, చాప మీద నిద్ర, కాళ్ళకి చెప్పుల్లేవు, నోటికి కోపం లేదు.

"బావా, దేవుణ్ణి ట్రైనింగు క్యాంపుకి వాడుకోవడం పాపం కాదూ?" అన్నాను వణుకుతూ.

"ఆయన పులి మీద తిరిగినవాడు. ఫిట్‌నెస్ విలువ ఆయనకి తెలుసు. ఇంకో మునక వెయ్యండి స్వామీ" అన్నాడు.

చూశారా, "వెయ్యండి స్వామీ." మాలలో ఉన్నవాణ్ణి ఎవరైనా స్వామి అనే పిలవాలి, మీరు అనే అనాలి. పుట్టి బుద్ధెరిగాక నాకు మొదటిసారి మర్యాద దక్కింది ఆ నలభై ఒక్క రోజుల్లోనే. అక్క కూడా నన్ను స్వామీ అనాలి, మొగుణ్ణీ స్వామీ అనాలి. ఆడవాళ్ళందరూ మాకు మాతలు. బావ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "మాతా, కొంచెం పాలు" అంటే అక్క లోపల్నుంచి, "మిగతా రోజుల్లో ఏయ్ ఎక్కడ చచ్చావు, ఇప్పుడు మాతట!" అనేది. వెంటనే చెంపలు వేసుకుని, "తప్పు స్వామీ, తెస్తున్నా" అనేది.

ఆ నలభై రోజుల్లో మా పొట్టలు పోయాయి, ఊపిరి పెరిగింది. బావ నల్ల నిక్కర్లు కుట్టించాడు. ఫైనల్ రోజు కోర్టులోకి దిగితే మా ఆరుగురిలో నలుగురం నల్ల నిక్కర్లూ, గడ్డాలూ, విభూతి బొట్లూ. అవతల వాళ్ళు ఒక్క నిమిషం దండం పెట్టాలో సర్వీసు చెయ్యాలో తెలీక ఆగిపోయారు.

కానీ ఒక సంగతి ఎవరికీ తట్టలేదు, బావకి కూడా. మొదటి బంతి గాల్లోకి లేచింది. బావ, "స్వామీ!" అని అరిచాడు. ముగ్గురం పరిగెత్తుకొచ్చి తలలు ఢీకొట్టుకున్నాం. రెండో బంతి లేచింది. ఈసారి, "స్వామీ, మీదే" అని ఒకడు, "కాదు స్వామీ, మీరు కానియ్యండి" అని ఇంకొకడు. బంతి మా మర్యాదల మధ్య నేల మీద పడింది. జనం పొట్టలు పట్టుకున్నారు. బావకి తిట్టడానికి లేదు. "స్వామీ... స్వామీ... స్వామీ..." అని మూడు శ్రుతుల్లో అన్నాడు. ఆ మూడు స్వాముల్లో ఏమేం దాగున్నాయో నాకు తెలుసు.

మొదటి సెట్టు అలా మర్యాదగా పోయింది.

విరామంలో నీళ్ళు తాగుతూ నేనే అన్నాను. "బావ... అదే, గురుస్వామీ, మనకి ర్యాంకులున్నాయి కదండీ." మాలకి లెక్క ఉంటుంది. మొదటిసారి వేసినవాడు కన్నెస్వామి, రెండోసారి కత్తిస్వామి, మూడోసారి గంటస్వామి. మా నలుగురం నాలుగు రకాలు, నేను కన్నె. ర్యాంకు అనేసరికి బావ కళ్ళు మెరిశాయి. ఆ తరవాత కోర్టు కోర్టులా లేదు, రెజిమెంటులా ఉంది. "గంటస్వామీ, లేపండి! కత్తిస్వామీ, కొట్టండి! కన్నెస్వామీ, నెట్టు దగ్గరికి!" రెండో సెట్టు మాది. మూడోది నువ్వా నేనా అన్నట్టు నడిచి, మాకు పద్నాలుగు, వాళ్ళకి పదమూడు. ఇంకొక్క పాయింటు.

బావ మోకాలికి కట్టిన కట్టు జారిపోయింది. కట్టుకోడానికి ఆగలేదు. గట్టు మీద అక్క కొంగు నోట్లో పెట్టుకుని చూస్తోంది.

అవతల్నుంచి షాటు వచ్చింది. నేను నెట్టు మీదికి చేతులు లేపి ఎగిరాను. బంతి నా చేతుల పక్కనుంచి దూసుకుపోయి గీత అవతల పడింది. అవతలి వాళ్ళు కొట్టిన బంతి ఎవరికీ తగలకుండా గీత దాటితే పాయింటు మాది, కప్పు మాది. మా చెయ్యి తగిలి దాటితే పాయింటు వాళ్ళది. పద్నాలుగు సమానం, ఆట నడుస్తుంది.

తగిలింది. కుడిచేతి చిటికెన వేలి గోటికి, ఈగ వాలినట్టు.

అంపైరు చూడలేదు. డ్రిల్లు మాస్టారు, "టచ్!" అని అరిచారు. అంపైరు అటూ ఇటూ చూసి బావని చూశాడు. బావ మాటంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో నమ్మకం. బావ నావైపు తిరిగాడు.

"తగిలిందా స్వామీ?"

నేను బావ మోకాలు చూశాను. జారిన కట్టు చూశాను. మెళ్ళో మాల మాత్రం చూసుకోలేదు.

"లేదు స్వామీ" అన్నాను.

బావ నన్ను ఇంకొక్క క్షణం చూశాడు. అంపైరు విజిల్ ఊదాడు. మావాళ్ళు బావని భుజాల మీదికి ఎత్తేశారు. పైన ఆయన మొహం అదే మొహం, ఏదీ కనిపెట్టలేని మొహం. కప్పు చేతికిస్తే ఫొటో కూడా దిగకుండా తెచ్చి నాకు ఇచ్చాడు.

"ఇది మీ దగ్గరే ఉంచండి స్వామీ. ఎప్పుడైనా బరువనిపిస్తే చెప్పండి."

ఎంత పెద్ద మనసు అనుకున్నాను. అలా అనుకున్న నా తెలివికి ఇప్పుడు నవ్వొస్తుంది.

కప్పు నా షాపులో కంప్రెసర్ పైన అరలో పెట్టాను. అందులో వాల్వు పిన్నులూ, సొల్యూషన్ ట్యూబులూ వేసుకునేవాణ్ణి. కాలవ అవతలి ఊరివాడు ఎవడు గాలి కొట్టించుకోడానికి వచ్చినా వదిలేవాణ్ణి కాదు. "ఏంటండీ, మళ్ళీ గాలి తగ్గిందా? ఆ ఫైనల్ దగ్గర్నుంచీ మీ ఊళ్ళో ఎవరికీ గాలి నిలవట్లేదండీ." వాళ్ళు కోప్పడాలి కదా? నవ్వేవాళ్ళు. కొంతమంది మరీ ఎక్కువగా, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వేవాళ్ళు. నా హాస్యం అంత బాగుందన్నమాట అని పొంగిపోయేవాణ్ణి.

బావ మాత్రం ప్రతి సోమవారం గుడినుంచి వస్తూ షాపు ముందు సైకిలు ఆపి, కప్పు వైపు ఓసారి చూసి అడిగేవాడు. "ఏరా, బరువేమన్నా ఉందా?"

"ఖాళీ కప్పుకి బరువేంటండీ బావా."

"అంతేలే" అని పెడలు తొక్కేవాడు.

ఒక వారం కాదు, మూడేళ్ళు. ఈ మూడేళ్ళూ నేను ఏటా మాల వేశాను. కత్తిస్వామినయ్యాను, గంటస్వామినయ్యాను, నాలుగోసారికి గదస్వామినీ అయ్యాను. శబరిమలలో పద్దెనిమిది మెట్లూ ఎక్కుతుంటే వేరే వాళ్ళకి కాళ్ళు నొప్పులు. నాకు చిటికెన వేలు.

ఒక సాయంత్రం బావ చిన్నకూతురు సైకిలు ట్యూబుకి పంక్చరు వేయించుకోడానికి వచ్చింది. అప్పటికి అది స్కూలు టీములో ఆడుతోంది, జిల్లా సెలక్షన్లు ముందున్నాయి. జడ ఇంకా అటెన్షన్లోనే ఉంది.

"మామయ్యా, ఒకటడుగుతా, వెటకారం చెయ్యకు. బాల్ మనకి టచ్ అయ్యి, అంపైర్ చూడలేదనుకో. మనమే చెప్పాలా?"

"మీ నాన్నని అడక్కపోయావా?"

"అడిగాను. మామయ్యని అడుగు, ఆయనకి బాగా తెలుసు అన్నారు."

ట్యూబు నీళ్ళలో ముంచి పట్టుకున్నాను. బుడగలు వస్తూనే ఉన్నాయి. నేను ఎక్కడ లీకో చూడ్డం మర్చిపోయాను.

"ఏంటి మామయ్యా, చెప్పు!"

"చెప్పాలమ్మా" అన్నాను. "వెంటనే చెప్పాలి. ఆలస్యం చేస్తే చాలా దూరం వెళ్ళి చెప్పాల్సొస్తుంది."

దానికి అర్థం కాలేదు. నేను కప్పులోంచి పిన్నులన్నీ బల్ల మీద గుమ్మరించి, కప్పుని ఎరువుల సంచీలో చుట్టి, షట్టరు దించి, వంతెన దాటాను.

డ్రిల్లు మాస్టారు అరుగు మీద కూచుని పేపరు చదువుకుంటున్నారు. చుట్టూ నలుగురైదుగురు. సంచీ ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. కుడిచేతి చిటికెన వేలు ఎత్తి చూపించాను.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "ఏరా, ఎనిమిదో తరగతిలో ఒకటికని వెళ్ళావు. ఇప్పుడా రావడం?"

అరుగంతా గొల్లుమంది.

"అది కాదండీ మాస్టారూ. ఆ రోజు ఫైనల్లో... బంతి... ఈ వేలికండీ..."

"తగిలింది. తెలుసు. కూచో."

"తెలుసా?"

"ఆ రోజే తెలుసురా. మేం ఇంటికి రాకముందే మీ బావ సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు, ఉత్త కాళ్ళతో, ఆ మోకాలుతో. 'గోరు తగిలిన చప్పుడు నాకు వినిపించింది మాస్టారూ, పాయింటు మీదే' అన్నాడు. మరి అక్కడే చెప్పొచ్చు కదయ్యా అన్నాను. 'వాడి మెళ్ళో మాల నేను వేశానండీ. అంత మంది ముందు వాణ్ణి అబద్ధాలకోరుని చెయ్యలేకపోయాను. వాడే తెస్తాడు, కొంచెం టైం పడుతుంది. అప్పటిదాకా అడక్కండి. వాడు వెక్కిరిస్తే నవ్వెయ్యండి' అన్నాడు."

పక్కనున్నాయన, నా దగ్గర నెలకోసారి గాలి కొట్టించుకునేవాడు, కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, "మూడేళ్ళు ఆపుకున్నామండీ బాబూ. మీరు గాలి తగ్గిందా అని అడిగినప్పుడల్లా చచ్చిపోయేవాళ్ళం."

మూడేళ్ళు. ఊరికి ఊరు. జోకు నాదనుకున్నాను. జోకు నేనే.

మాస్టారు ఫోను తీశారు. "ఏమయ్యా మిలిటరీ, మీవాడు ఒకటికెళ్ళి వచ్చాడు. నువ్వు రా. పద్నాలుగు పద్నాలుగు దగ్గర్నుంచి ఆడేద్దాం."

బావ పది నిమిషాల్లో వచ్చాడు, తన సైకిలు చిన్నకూతురు తొక్కుతుంటే వెనక కూచుని. మోకాలికి కట్టు ఉంది. అంటే రోజూ కట్టుకునే తిరుగుతున్నాడో, లేకపోతే ఆ పిల్లని నా దగ్గరికి పంపించి కట్టుకుని కూచున్నాడో ఇంతవరకూ తేలలేదు. అక్క నడిచి వచ్చింది, వంతెన మీదనుంచే తిట్టుకుంటూ.

ఆ ఊరి హైస్కూలు గ్రౌండులో దిగాం, ముగ్గురు ముగ్గురం. ఇటు బావ, మేనకోడలు, నేను. అటు మాస్టారు, ఇంకో ఇద్దరు. మొదటి బంతి మాస్టారు సర్వీసు చేశారు, అదే పాము. బావ వంగాడు కానీ మోకాలు వంగలేదు. వాళ్ళకి పదిహేను. రెండో బంతి అటూ ఇటూ తిరిగి అవతల షాటుగా లేచింది. నేను ఎగిరాను. బంతి నా చేతుల పక్కనుంచి పోయి గీత అవతల పడింది.

అంపైరు లేడు. జనమంతా ఒక్క గొంతుతో, "తగిలిందా స్వామీ?" అన్నారు. మాల కూడా లేదు నా మెళ్ళో.

"తగిలింది!" అని అరిచాను, చిటికెన వేలు ఎత్తి. చప్పట్లు. పదహారు, పద్నాలుగు. కప్పు వాళ్ళది. బావ వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

వంతెన మీద నడిచి వస్తుంటే నా భుజం మీద చెయ్యి వేశాడు, కుంటుతూ.

"ఒరేయ్."

"చెప్పండి బావా."

"ఇప్పటిది తగల్లేదురా వెధవా."

"మీకెలా తెలుసు?"

"చప్పుడు రాలేదు."

నిజం చెప్పొద్దూ, ఆ కంగారులో తగిలిందో లేదో నాకే సరిగ్గా తెలీదు. బావ కోరిక తీరక తీరక తీరే అవకాశం, రెండోసారి కూడా నా నోటితోనే పోయింది.

"మళ్ళీ వెనక్కి వెళ్ళి చెప్పమంటారా?" అన్నాను.

బావ వంతెన మధ్యలో ఆగి, కాలవలోకి చూశాడు. "వద్దులే" అన్నాడు. "దీనికి ఇంకో మూడేళ్ళు తీసుకుంటావు. నాకంత టైం లేదు."

వేళాకోళానికే అన్నాడు. ఏడాదిన్నర ఉన్నాడు ఆ తరవాత. మాఘమాసంలో ఒక సోమవారం గుడినుంచి వచ్చి, సైకిలు స్టాండు వేసి, వాకిట్లో కుర్చీలో కూచుని, "కాఫీ తేవే" అన్నాడు. అక్క కాఫీ తెచ్చేసరికి లేడు. సైకిలు మాత్రం అటెన్షన్లో నిలబడి ఉంది.

ఆ రోజు మిలిటరీలో పనిచేసినవాళ్ళు నలుగురు వచ్చి సెల్యూట్ చేశారు. డ్రిల్లు మాస్టారు కూడా కర్ర పట్టుకుని వచ్చి, కర్ర పక్కన పెట్టి, అటెన్షన్లో నిలబడ్డారు. ఆ తరవాత గుర్తొచ్చినట్టు చేతులు జోడించారు. అది ఎవరి పద్ధతో మా ఇద్దరికీ తెలుసు గనక ఒకరినొకరం చూసుకోలేదు.

మొన్న డిసెంబరులో నెట్టు నేను కట్టాను. విజిల్ చిన్నమేనకోడలు ఊదింది. దాని జడ ఇప్పుడు కాస్త వదులుగానే ఉంటోంది.

పని మీద వంతెన దాటితే ఆ ఊళ్ళో ఎవరో ఒకరు అరుగు మీదనుంచి కేకేస్తారు, "ఏమండీ, తగిలిందా స్వామీ?" నేను బండి ఆపకుండానే చిటికెన వేలు ఎత్తి, "తగిలిందండీ!" అంటాను. ఏ బంతి గురించి అడుగుతున్నారని మాత్రం ఎప్పుడూ అడగలేదు.